కుసుమకు చెల్లెలు

కుసుమను పూసినప్పుడు చూసి గుర్తుపడతామనుకునేవాళ్లకు కుసుమ తెలియదు. వాడేటప్పుడు చూడాలి. విచ్చుకున్న రోజున అది వట్టి పసుపు. పసుపు పూలకేం, కంచె కంచెకూ ఉంటాయి. రెండు మూడు పొద్దులు గడిచాక దాని రేకులకు అడుగు నుంచి నారింజ రంగు ఎక్కుతుంది, ఎండేసరికి ఇటుక ఎరుపుకు తిరుగుతుంది. ఈ సంగతి మా అవ్వ నాకు పాలపళ్లు ఊడకముందే చెప్పింది. అయినా నేను పువ్వు కోసం ఆగలేదు, మొగ్గ కోసం ఆగలేదు. మొక్క ఇంకా నేలకు అతుక్కుని ఆకులు పరుచుకుని ఉండగానే "కుసుమ" అని కేక పెట్టాను. నా నోటికి తాళం ఎప్పుడూ లేదు. ఆ కేక వల్ల మా అక్క బతుకు మెట్ట పాలైంది, మా బతుకు వాగు గట్టున పచ్చబడింది.

మాది కడప వైపు నల్లరేగడి నేల. జొన్న, శనగ మా పంటలు. చేను చుట్టూ నాలుగు సాళ్లు కుసుమ వేసేవాళ్లు, కంచెకు బదులు. లేతగా ఉన్నన్నాళ్లు అది కూరాకు. పప్పులో వేస్తే బాగుంటుంది. కాడ లేచిందా, ఆకుల అంచులన్నీ సూదులవుతాయి. పువ్వును పట్టుకుని ఉండే పచ్చ రేకులు కూడా ముళ్లే. ఎంత ఆకలిగొన్న ఆవైనా ముట్టె పెట్టి వెనక్కి తగ్గాల్సిందే. కోతకు పోయే ఆడవాళ్లు చేతులకు గోనెపట్టా చుట్టుకునేవాళ్లు. మా అవ్వ ఒక పువ్వు తుంచి, ముళ్లు వలిచి, లోపలి కేసరాలను ఒక్కొక్కటే నా అరచేతిలో పెట్టేది. "ఇది ఒక పువ్వనుకుంటాండావా? ఇదో, ఇది ఒక పువ్వు, ఇది ఒక పువ్వు. ఒక్కోదానికి ఒక్కో గింజ. చామంతి, బంతి, కుసుమ, అన్నీ ఒక ఇంటి పిల్లలే. ఇది మాత్రం కోపిష్టిది, నీ మాదిరి" అనేది.

గింజ తెల్లగా, నున్నగా, నాలుగు పలకలుగా చిన్న పంటిలా ఉంటుంది. వేరు మాత్రం నిలువెత్తు దిగుతుంది. వానలు వెనకబట్టాక విత్తే పంట కదా, పైన తడి ఉండదు. కింద దాగిన తడిని వెతుక్కుంటూ వేరు పోతుంది. అందుకే మా అవ్వ నేలను కలుపు చూసి చెప్పేది. గరిక పట్టిన నేల గట్టిది, తుంగ మొలిచిన నేల చెమ్మది, కుసుమ తనంతట తాను నిలిచిన నేల లోతుది. మా ఇళ్లలో ఇది చిన్నపిల్లలకు కూడా వచ్చు. నేనూ అట్లాగే నేర్చుకున్నాను, సముద్రం దాటి ఫిజీకి వచ్చినా మరిచిపోలేదు. మరిచిపోయి ఉంటే బాగుండేది.

అక్క నా తోడబుట్టింది కాదు. ఒకే ఓడలో వచ్చాం. గిర్మిటు రోజుల్లో, అంటే అయిదేళ్ల కూలి ఒప్పందం మీద మనుషుల్ని తెచ్చిన రోజుల్లో, ఒకే ఓడలో వచ్చినవాళ్లు రక్తసంబంధం కిందే లెక్క. కులం అడిగేవాళ్లు కాదు, వాళ్ల పిల్లలకు మన పిల్లల్ని ఇచ్చి పెళ్లి చేసేవాళ్లూ కాదు, అన్నాచెల్లెళ్ల వరస అవుతుందని. అక్కదీ మా కడప వైపే, కానీ వాళ్లది రాళ్లు కొట్టే ఇల్లు. వాళ్ల నాన్న గనిలో బండలు తీసేవాడట. సెంటు భూమి లేదు, పంట సంగతి తెలియదు. ఓడలోనే నాతో అనేది: "నాకు బంగారం వద్దు పాపా. నాదని ఒక చెక్క నేల ఉండాల. దాంట్లో నేను వేసిన గింజ మొలవాల. అంతే." ఆ ఒక్క కోరికతోనే ఆమె అయిదేళ్ల చెరకు పని చేసింది.

టాబియా దగ్గర కూలీల లైన్లలో మా గదీ వాళ్ల గదీ ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి. నాకు పెద్దవాడు కడుపులో ఉన్నప్పుడు కలుపు తీతకు వంగలేకపోయేదాన్ని. ఆ రోజుకు ఇచ్చిన సాలు పూర్తి కాకపోతే కూలి లేదు, పైగా సర్దారు తిట్లు. అక్క తన సాలు ముగించుకుని, నడుము నిమురుకుంటూ నా సాలులోకి దిగేది. "నువ్వు ఊరికే కొడవలి పట్టుకొని కదులు, చాలు" అనేది. వాడు బతికి బట్టకట్టాడంటే ఆమె చేతి చలవే. ఇది ఎందుకు చెబుతున్నానంటే, నేను ఎవరికి చేశానో తెలియాలి కాబట్టి.

గిర్మిటు అయిపోయాక రెండు కుటుంబాలవాళ్లం కలిసి భూమి వెతికాం. ఈ దేశపు మనుషుల్ని కైవిటీలంటారు, భూములు వాళ్లవి. పక్క పల్లె కైవిటి పెద్దాయన దగ్గర కౌలుకు రెండు ముక్కలు ఉన్నాయి. ఒకటి వాగు గట్టున, పల్లంలో, నిండా తుంగ. రెండోది దాని పైన మెట్ట. ఆ మెట్టను చెరకు కంపెనీవాళ్లు ఒకప్పుడు గుర్రాలు మేపడానికి వాడుకుని వదిలేశారు. పెద్దాయన మమ్మల్ని రెండూ చూపించి, మెట్ట దగ్గర నిలబడి తల అడ్డంగా ఊపాడు. "టలసింగా" అన్నాడు. ఎండకు మాడిన నేల అని అర్థం. మా బావ, అంటే అక్క మొగుడు, నవ్వాడు. "ఎండ మనకు కొత్తా మరదలా? మనం పుట్టిందే పెనం మీద" అన్నాడు. మనిషి అంతే, గుండెలో దగ్గు పెట్టుకుని కూడా నవ్వేవాడు.

వానలు ఆగి చాలా రోజులైంది. చుట్టూ రెల్లు ఎండి పోయింది. ఆ ఎండిన రెల్లు మధ్య, మెట్ట నడినెత్తిన, నేలకు అతుక్కుని చక్రాల్లా ఆకులు పరుచుకుని, పచ్చగా ఆ మొక్కలు. ఒకటి కాదు, రెండు కాదు, చెక్క చెక్కంతా. నా కాళ్లు ఆగిపోయాయి. కడప విడిచాక చేను అన్నది చూసి ఏడ్చింది ఆ రోజే. "కుసుమ! అక్కా, కుసుమ!" అని అరుస్తూ పరుగెత్తి వాటి మధ్య కూలబడ్డాను. మా ఇంటాయన గుర్రాల సాలలో పని చేసినవాడు, నెల్లూరు తడి నేల మనిషి, కుసుమ మొహం ఎరగడు. బావ చేనేత ఇంటివాడు. అక్క సంగతి చెప్పాను. ఉన్న నలుగురిలో కుసుమ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నేను ఏం చెబితే అదే.

ఆకు ఒకటి తుంచి చూశాను. కుసుమాకు అంచు మీద ముళ్లున్నా ఆకు చీలదు. ఇది ముల్లంగి ఆకులా చీలికలు చీలికలుగా ఉంది. చూశాను, చూడలేదని అబద్ధం ఆడను. "ఈ దేశపు నీళ్లకు ఆకు మారిందిలే" అనుకున్నాను. మా ఊళ్లోనే ముళ్ల కుసుమ, బోడి కుసుమ అని రెండు రకాలుంటే, సముద్రం ఇవతల మూడో రకం ఉండకూడదా? నమలి చూస్తే చేదు. చేదుకూ ఒక కారణం చెప్పుకున్నాను. మనసు పడ్డాక కారణాలకు కరువా?

అక్క మాత్రం గడ్డపార తీసుకుని నేల మీద అక్కడా ఇక్కడా పొడిచింది. తల పక్కకు వంచి విన్నది. రాళ్లు కొట్టే ఇంటి పిల్ల కదా, బండను చెవితో చూస్తారు వాళ్లు. "లోపల రాయి పలుకుతాంది పాపా" అంది.

"నీకు రాయి తప్ప ఇంకేం వినపడదు" అన్నాను నేను. "ఎండాకాలంలో తడి లేకుండా కుసుమ ఎట్ల నిలబడతాది? నిలువెత్తు వేరు దిగాలంటే నిలువెత్తు మన్ను ఉండాల గదా. కుసుమ అబద్ధం చెప్పదక్కా."

అక్క మరో రెండు పోట్లు పొడిచింది. తరవాత గడ్డపార కింద పెట్టేసింది. "నీకు తెలిసినంత నాకు తెలుసునా" అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అంది. ఆమె చెవిని ఆమె నమ్ముకోకుండా చేసింది నేనే.

ఇక పంపకం. మా వాళ్లలో ఏ పంపకమైనా పెద్దవాళ్ల చెయ్యి ముందు. అక్క పెద్దది, మెట్ట మీద మొదటి హక్కు ఆమెది. కానీ ఆమె వెనకాడింది. "నేల నువ్వు గుర్తుపట్టినావు, నువ్వే తీసుకో. నేను కింద తుంగలో ఎట్లో బతుకుతా" అంది. నేను ఒప్పుకుంటానా! "నా బిడ్డను నిలబెట్టినావు. మంచిది నీకు రాకుండా నేను తీసుకుంటే నా కళ్లు పోతాయి" అని ఆమె చెయ్యి పట్టుకుని మెట్ట మీద నిలబెట్టాను. ఇద్దరం ఏడ్చాం. ఆ రోజు నన్ను చూసి నేనే మురిసిపోయాను. త్యాగం చేశానుగా మరి.

కౌలు ఖాయం చేసుకునే రోజు వచ్చేసరికి మొక్కలు నడుమెత్తు లేచాయి. కాడలు తెల్లబడుతున్నాయి, కుసుమ కాడల్లాగే. మొగ్గలు వేశాయి. మొగ్గల చుట్టూ సాలెగూడులా తెల్లటి నూగు. "పాడు సాలెపురుగులు" అని కొంగుతో తుడిచాను. ఎంత తుడిచినా పూర్తిగా పోలేదు. పురుగు ఒక్కటి కూడా కనపడలేదు. కింద మనుషులు పిలుస్తున్నారు, దిగిపోయాను. పెద్దాయన ఇంట్లో చాప మీద కూర్చున్నాం. యంగోనా వేరు పిసికిన నీళ్లు కొబ్బరి చిప్పలో పోసి, ముందు బావకు, తరవాత మా ఇంటాయనకు ఇచ్చారు. ఇక్కడ అది తాగితే మాట ఇచ్చినట్టే, వెనక్కి తీసుకోకూడదు. ఆడవాళ్లం వెనక కూర్చుని చప్పట్లు కొట్టాం. అక్క చప్పట్లు అందరికంటే ఆలస్యంగా ఆగాయి.

అక్కావాళ్లు మెట్ట మీద గుడిసె వేసుకున్నారు. పూలు విచ్చుకున్నాయి, నిమ్మపండు పసుపు. అక్క నన్ను పిలిపించి చూపించింది. "రంగు ఎప్పుడెక్కుతాది?" అని అడిగింది. రెండు పొద్దులాగమన్నాను. రెండు పొద్దులైంది, నాలుగైంది. నేను పొద్దున్నే లేచి మెట్ట ఎక్కి పువ్వుల్ని వేలితో విడదీసి చూసేదాన్ని. పసుపు పసుపుగానే ఉంది. ఆ తరవాత పాలిపోయి ఎండుగడ్డి రంగుకొచ్చింది. ఎరుపు చాయ కూడా లేదు. ఒక కాయ పగలగొట్టాను. గింజలు బూడిద రంగులో ముడతలు పడి ఉన్నాయి. ఒక్కో గింజ నెత్తిన గరుకు వెంట్రుకల కుచ్చు. మా అవ్వ అరచేతిలో పెట్టిన తెల్లటి గింజ ఎక్కడ, ఇదెక్కడ! 

ఇంటికొచ్చి మా ఇంటాయనకు గింజలు చూపించాను. ఆయన చూసి తాపీగా, "ఓ, ఇదా? గుర్రాల మేత ఆస్ట్రేలియా నుంచి ఓడలో వచ్చేది కదా, ఆ గడ్డి మోపుల్లో ఈ ముళ్లకాయలు తగిలేవి. గుర్రాల నోళ్లు చీరుకుపోయేవి. కనపడితే తగలెట్టమని దొర తిట్టేవాడు" అన్నాడు.

"మరి ముందే ఎందుకు చెప్పలేదయ్యా?"

"నేను చూసింది ఎండు కాయ. నువ్వు చూపించింది పచ్చి ఆకు. పైగా నువ్వు కుసుమ అన్నావు. నీ మాట మీద మాట చెబితే ఊరుకుంటావా?"

ఊరుకోను. అది నిజమే. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు ఆ పూట ఆయన్ని నానా మాటలూ అన్నాను. ఆయన చేసిన తప్పేముంది అందులో? ఆ గడ్డి గింజ మీద నేను కుసుమ అన్న పేరు పెట్టాను, దానికింద మా అవ్వ చెప్పిన నిలువెత్తు మన్నును కూడా నేనే పెట్టాను. అది బెత్తెడు మన్నులో కూడా బతికే జాతి అని నాకెట్లా తెలుస్తుంది? తెలియదు. తెలియనప్పుడు నోరు మూసుకోవచ్చు కదా.

వెంటనే మెట్ట ఎక్కాను. దాచలేదు. అక్క గడ్డపారతో తవ్వుతోంది, ఖంగు ఖంగుమని దూరం నుంచే వినపడుతోంది. అడుగు లోతు దిగకముందే తెల్లబండ. నన్ను చూసి నవ్వి, "నా రాత సూడు పాపా. రాళ్లు కొట్టే కొంప నుంచి పారిపోయి ఈడికొస్తే, నాకంటే ముందు రాయే వచ్చి కూర్చోనుండాది" అంది.

"అక్కా, అది కుసుమ కాదు" అన్నాను. అంతా చెప్పాను. గింజలు చేతిలో పోశాను. "మార్చుకుందాం. మీరు కిందికి రండి, మేం పైకొస్తాం. రేపే."

ఆమె ఆ గింజల్ని చాలాసేపు వేలితో కదిపింది. "కుసుమ కాదా" అంది చివరికి. ఆ తరవాత తలెత్తి కిందికి, మా చేనువైపు చూసింది. తుంగ పీకేసి మా ఇంటాయన నారు పోశాడు అప్పటికే. నేను వరి ఎరగను గానీ, తడి నేల మనిషి ఆయనకు వరే తెలుసు. పల్లమంతా లేత పచ్చగా ఉంది. "మొలక లేసిన చేను మీద చెయ్యి పెడితే ఆ ఉసురు నాకు తగలదా?" అంది. "యంగోనా తాగి పంచుకున్న నేల పాపా. పంచుకున్నాక పంచుకున్నట్టే. నీ బిడ్డలు తింటారులే."

నేను ఒకసారి బతిమాలాను. రెండోసారి కూడా బతిమాలాను. మూడోసారి బతిమాలలేదు. మెట్ట దిగుతుంటే నా గుండెల మీంచి ఏదో బరువు దిగినట్టు అనిపించింది. చేను పోలేదు. నారు పోలేదు. హాయిగా అనిపించింది. తెలియక చేసింది పాపం కాదని ఆ తరవాత నాకు చాలామంది చెప్పారు, గుడి మండలిలో అయ్యవారు కూడా చెప్పాడు. చెప్పనీ. ఆ మాట చెప్పినవాళ్లకు నేను దిగొచ్చేటప్పుడు ఎంత తేలిగ్గా దిగొచ్చానో తెలియదు. ఆ హాయి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

ఆ ఏడు మా పల్లంలో వరి విరగ పండింది. మెట్ట మీద అక్క వేసిన జొన్న మోకాలెత్తు లేచి ఎండిపోయింది. మరుసటి ఏడు కందులు వేసింది, గుప్పెడు రాలాయి. బావ చెరకు కోతలకు కూలికి పోవడం మొదలుపెట్టాడు, దగ్గు ముదిరింది. అక్క మాత్రం ఆ బండ మీదే ఉంది. వాన నీళ్లు కొట్టుకొచ్చిన మట్టిని గంపలతో ఎత్తి పోసేది. పోసిన మట్టిలో ముందు ఆ ముళ్లమొక్కే మొలిచేది.

నేను బియ్యం పంపేదాన్ని. కోపం చేసుకోదు, వద్దనదు, తీసుకునేది. కానీ ఇచ్చిన గిన్నె ఖాళీగా తిరిగి పంపకూడదు కదా మనవాళ్లలో, ఆమె ఎప్పుడూ పంపలేదు. ఒకసారి గుప్పెడు కందులు. ఒకసారి ఆ ముళ్లమొక్క లేతాకు, ఉడికించి చేదు పిండేసి. ఇంకోసారి ఏమీ దొరకలేదు కాబోలు, ఆ మెట్ట మీద రాయినే చెక్కి, అరగదీసి, సానరాయి చేసి గిన్నెలో పెట్టింది. మంచి రాయి. దాని మీదే మా ఇంటాయన కొడవళ్లు నూరేవాడు, ఆ కొడవళ్లతోనే మేం వరి కోసేవాళ్లం. ఆ చప్పుడు వినలేక నేను అవతలికి పోయేదాన్ని. ఆమె ఒక్కసారి తిట్టి ఉంటే నాకు అన్నం సహించేది. తిట్టలేదు మహాతల్లి.

ఈ దేశంలో పదేళ్లు నిండినవాళ్లకు తిరుగు ఓడ ఉచితం. మా ఇద్దరి కుటుంబాలకూ ఆ గడువు ఒకేసారి వచ్చింది. మేం పోయే మాటే లేదు, చేను ఉంది. అక్కావాళ్లు పోతారని కూడా నేను అనుకోలేదు. నేల కోసం వచ్చిన మనిషి నేల వదిలి పోదని నా నమ్మకం. నా నమ్మకాలు ఎట్లాంటివో చెప్పాను కదా.

వానలకు ముందు, ఒక సాయంత్రం అక్క మా ఇంటికొచ్చింది. చేతిలో తన ఇత్తడి గిన్నె. కడప నుంచి ఓడలో మూటలో పెట్టి తెచ్చుకున్నది అదొక్కటే. అందులో అడుగున నూనె, చిక్కటిది, పసుపు పచ్చటిది.

"ఏం నూనక్కా ఇది?"

"మన ముళ్లమొక్కదే. గింజలు వేయించి, దంచి, ఆముదం వండినట్టు నీళ్లలో వండినా. పైకి తేలింది తీసినా. మెట్ట మీదుండే గింజంతా కలిపితే ఇంతే" అంది. మా ఇంటి వత్తిని అందులో ముంచి దీపం తనే వెలిగించింది. కొంచెం చిటపటలాడి నిలకడగా వెలిగింది. ఇద్దరం దాని ముందు కూర్చున్నాం.

"సూసినావా, నూనె ఉండాది దీంట్లో. కుసుమ కాకపోతే మాన్లే. కుసుమకు చెల్లెలయ్యుంటాది" అంది. "నువ్వు చెప్పింది మొత్తంగా తప్పేం కాదు పాపా. ఇంటిపేరు సరిగ్గానే చెప్పినావు, మనిషినే మార్చినావు."

నేను లేచి నీళ్లచెంబు తెచ్చి ఆమె ముందు పెట్టాను.  ఆమె రెండు చేతులూ కొంగు కింద పెట్టుకుని ఉంది. నీళ్లచెంబు అందుకుంటుంటే చూశాను, వేళ్లనిండా గీరలు, అరచేతులు వాచి ఉన్నాయి, ముళ్లు విరిగిన చోట్ల నల్ల చుక్కలు. "ఇదేంది అక్కా, గోనెపట్టా కట్టుకోలేదా?" అంటే, "గింజ ఏరితే గుచ్చుకోదా ఏంది" అని మళ్లీ కొంగు కప్పుకుంది. లేచేటప్పుడు మా పెద్దవాడి తల నిమిరింది. గిన్నె తీసుకోమంటే, "నిదానంగా పంపులే" అని దిగిపోయింది.

పొద్దున్నే ఆ ఇత్తడి గిన్నె తోమి, మా ఇంట్లో ఉన్న వాటిల్లోకెల్లా మంచి బియ్యం శిఖ పెట్టి నింపాను. ఈసారి గట్టిగా అడగాలనుకున్నాను. చేను సగం చేసుకుందాం, గట్టు తీసేద్దాం, మీరు కిందికి రండి అని. మా ఇంటాయనకు కూడా చెప్పాను. ఆయన, "ఈ మాట అయిదేళ్ల కింద అనాల్సింది" అన్నాడు. అయినా సరేనన్నాడు. మెట్ట ఎక్కుతూ దారిపొడవునా మాటలు కూర్చుకున్నాను.

గుడిసె తలుపుకు తాడు కట్టి ఉంది. కైవిటి పెద్దాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. తెల్లవారకముందే చెరకు బండి ఎక్కి లంబాసా పోయారని, అక్కడి నుంచి సువాకు పడవ, సువా నుంచి ఇండియా ఓడ అని వచ్చీరాని హిందీలో చెప్పాడు. కౌలు తిరిగి అప్పజెప్పేశారట. బావ నడవలేకపోతే అక్కే చేయి పట్టుకుని నడిపించిందట.

అప్పుడు మెట్ట వైపు చూశాను. బోడిగా ఉంది. ఏ కాలమైనా ఎండిన తెల్ల కాడలతో, ముళ్లకాయలతో గీరుకుపోయేట్టు ఉండే నేల, ఊడ్చిన వాకిలిలా ఉంది. ఒక్కో మొక్క ఉన్నచోట ఒక్కో గుంట. కోసింది కాదు, వేరుతో సహా పీకింది. నడుమన పెద్ద బూడిద కుప్ప, ఇంకా వేడి తగ్గలేదు. నేను పెద్దాయన వైపు తిరిగాను. ఆయన చెయ్యి చాపి మా చేను చూపించాడు. వానలొస్తే ఈ గింజంతా కొట్టుకుపోయి కింద చెల్లెలి చేలో పడుతుందని అక్క చెప్పిందట. మొన్నటి నుంచి ఒక్కతే పీకిందట. సాయం చేస్తానన్నా వద్దందట.

పెద్దాయన లేచి వెళ్లిపోయాడు. నేను ఆ గిన్నె నడుముకు పెట్టుకుని మెట్ట మీద ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాను. రాళ్ల సందుల్లో చూశాను, గుడిసె వెనక చూశాను, గట్టు వార చూశాను. ఒక్క మొక్క మిగిలుంటే చాలనుకున్నాను, నా చేత్తో నేను పీకడానికి. ఒక్కటి కూడా దొరకలేదు.